హైదరాబాద్ వనాల్లో మొర్రి చెట్టు ఏది?

సంపాదకుల వారికి నమస్కారములు.

వానాకాలం దగ్గర పడుతున్నదంటే ఏ కాలనీలో ఎన్ని మొక్కలు నాటబోతున్నారు, ఏ నర్సరీలో ఎన్ని మొక్కలు సిద్ధంగా ఉన్నాయి అన్న వార్తలు పత్రికల్లో వరుసగా వస్తుంటాయి. ఆ వార్తల్లో మొక్కల లెక్క కనిపించినంతగా మొక్కల పేర్లు కనిపించవు. పేర్లు ఇచ్చినప్పుడు కూడా వేప, కానుగ, గుల్‌మొహర్, బాదం వంటి తెలిసిన పేర్లే తిరిగి తిరిగి వస్తుంటాయి. ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్నా ఆ జాబితాల్లో నా కంటికి ఒక్కసారైనా కనిపించని పేరు ఒకటి ఉన్నది. అది మొర్రి చెట్టు. దాని కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొర్రి అంటే ఈ నగరంలో పుట్టి పెరిగిన చాలామందికి తెలియకపోవచ్చు గాని, సారపప్పు అంటే తెలియని ఇల్లు ఉండదు. సేమియా పాయసంలో జీడిపప్పు, కిస్‌మిస్‌ల పక్కన కందిగింజకన్నా కాస్త చిన్నగా, గోధుమరంగు మచ్చలతో పంటి కిందికి వచ్చే ఆ మెత్తటి పలుకే మొర్రి గింజలోని పప్పు. కొందరు సారపలుకులు అంటారు. పాతబస్తీలో దాని పేరు చిరోంజి. రంజాన్ పండుగ నాటి షీర్ ఖుర్మాలో ఖర్జూరం తర్వాత అంత ముఖ్యమైనది అదే. ఇక్కడ స్థిరపడిన మరాఠీ కుటుంబాలు దానినే చారోలి అని శ్రీఖండ్ మీద చల్లుకుంటాయి. సంస్కృతంలో ప్రియాల అన్నారు. ఇన్ని వంటిళ్లలో ఇన్ని పేర్లతో చెలామణి అవుతున్న పప్పుకు అసలు చెట్టు ఎలా ఉంటుందో చూసినవారు మాత్రం ఈ నగరంలో బహు కొద్దిమంది.

ఇది మామిడి, జీడిమామిడి చెట్ల కుటుంబానికి చెందినది. 1800లో మైసూరు ప్రాంతమంతా తిరిగి అక్కడి పంటలను, చెట్లను, మనుషులను గురించి రాసుకున్న ఫ్రాన్సిస్ బుకానన్ పేరు మీద వృక్షశాస్త్రంలో దీని ప్రజాతికి బుకనానియా అని పేరు పెట్టారు. హిమాలయ పాదాల వద్ద ఉన్న సాల వనాల నుంచి మధ్య భారతం మీదుగా మన ఆదిలాబాద్, ములుగు, ఖమ్మం అడవుల దాకా, కృష్ణ ఒడ్డున నల్లమల దాకా ఇది సహజంగా పెరుగుతుంది. నేపాల్‌లోనూ, మయన్మార్‌లోనూ ఉన్నది. ఎవరూ నీళ్లు పోయకుండా, ఎరువు వేయకుండా, రాళ్లూ మొరమూ కలిసిన వాలు నేలల్లో ఎండాకాలమంతా నిలబడగల చెట్టు. దానికి గిట్టనిది నీరు నిలిచే నేల ఒక్కటే.

నా బాల్యం ఆసిఫాబాద్ వైపు అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో గడిచింది. మొర్రి చెట్టును ఆకు చూడకుండానే గుర్తుపట్టడం మా అమ్మమ్మ నేర్పింది. బెరడు నల్లగా, మందంగా, మొసలి వీపు మాదిరి చిన్న చిన్న చదరాలుగా పగిలి ఉంటుంది. ఆకు దళసరిగా, నిటారైన ఈనెలతో, చేతిలో నలిపితే తోలు ముక్కలా బిరుసుగా తగులుతుంది. పుష్య మాఘాల్లో కొమ్మల చివర తెల్లటి చిన్న పూల గుత్తులు వస్తాయి. వైశాఖం నాటికి ఆ గుత్తుల్లో శనగ గింజంత కాయలు ముందు ఆకుపచ్చగా, తర్వాత ఊదాగా, చివరికి నేరేడు రంగు నలుపుగా మారతాయి. గుజ్జు పలుచన, తీపితో పాటు లేత పులుపు. పది పండ్లు నోట్లో వేసుకుని గుజ్జు చప్పరించి గింజలను దోసిట్లోకి ఉమ్మి దాచుకునేవాళ్లం. ఎందుకంటే ఆ గింజను పారేస్తే అమ్మమ్మ ఊరుకునేది కాదు.

ఆ గింజల మీద ఆమె చేసే పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తెల్లవారి రెండు అరచేతుల మధ్య రుద్ది మిగిలిన తోలంతా కడిగేది. మూడు నాలుగు రోజులు ఎండనిచ్చిన తర్వాత విసుర్రాయి ముందు కూర్చుని, పైరాయిని పూర్తిగా ఆననివ్వకుండా కాస్త ఎడంగా ఉంచి, గుప్పెడు గుప్పెడు పోస్తూ నెమ్మదిగా తిప్పేది. బరువు కొంచెం ఎక్కువైతే పప్పు పిండి అయిపోతుంది, తక్కువైతే పెంకు పగలదు. రాయి చేసే చప్పుడును బట్టి ఆమెకు ఆ తేడా తెలిసేది. చేటలో చెరిగి పెంకులు ఎగరగొట్టి, పగలని గింజలు ఏరి మళ్లీ వేసేది. ఒక సోలెడు గింజలకు చివరికి మిగిలేది పిడికెడు పప్పు. బేగంబజార్‌లో సారపప్పు కిలో వెయ్యి రూపాయలు దాటిందని వినియోగదారులు విసుక్కోవడం వింటుంటాను. ఆ పిడికెడు పప్పు వెనుక ఉన్న రెండు రోజుల పనిని చూసినదానిని గనుక నేను ఎన్నడూ విసుక్కోలేదు. నా బాధ వేరే.

కిందటి వేసవిలో ఉప్పల్ కూడలి దగ్గర, వరంగల్ వైపు బస్సులు ఆగే చోట, ఒక నడివయసు మహిళ మోదుగాకు దొప్పల్లో మొర్రి పండ్లు పెట్టుకుని కూర్చున్నది. ఈ నగరంలో ఇన్నేళ్లలో ఆ పండును అమ్మకానికి చూడటం నాకు అదే మొదలు. రెండు దొప్పలు తీసుకుని, "ఈ పండ్లు ఇప్పుడు అసలు దొరకడం లేదేమిటక్కా, అడవిలో చెట్లు పోయినయా?" అని అడిగాను. ఆమె చెప్పిన జవాబును ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెట్లున్నయమ్మా. పండేదాంక ఎవ్వలాగుతున్నరు? నేను ఆగితే నా ఎనకొచ్చెటోళ్లు కొమ్మ నరికి పట్కపోతరు. అందుకే కాయ పచ్చిగున్నప్పుడే అందరం దులుపుతున్నం."

"మరి ఇవి పండినయి గదా?"

"ఇవి మా చెల్క గట్టు మీది చెట్టుయి. అది మా మామ కాలం నుంచి మాదే. దాన్ని ఇంకెవ్వలు ముట్టరు."

ఆ రెండు మాటల్లో ఈ సమస్య అంతా ఉన్నదని నాకు అనిపించింది. గట్టు మీది చెట్టుకు పండే తీరిక ఉన్నది. అడవిలోని చెట్టుకు లేదు. పప్పుకు గిరాకీ పెరిగేకొద్దీ ముందు కోసినవారిదే కాయ అన్న పోటీ పెరిగింది. ఎత్తయిన చెట్టెక్కి ఒక్కొక్క గుత్తినీ దులపడానికి పట్టే సమయంలో కొమ్మనే నరికి కింద కూర్చుని తెంపుకోవచ్చు. కాని కొమ్మ పోయిన చెట్టు మరుసటి ఏడు పూయవలసిన చోటును కూడా పోగొట్టుకుంటుంది. పచ్చికాయలోని పప్పు సరిగా నిండదు, ఎండితే ముడుచుకుపోతుంది. అమ్ముకునేవారికీ బరువు తూగదు. అన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి. పచ్చి గింజ మొలకెత్తదు. ఎలుగుబంట్లూ పికిలిపిట్టలూ పండును తిని, గింజను దూరంగా వదిలితే మొలిచే చెట్టు ఇది. పండే లేనప్పుడు వాటికి ఆహారమూ లేదు, అడవికి కొత్త మొక్కా లేదు. నిలబడి ఉన్న ముసలి చెట్లను చూసి అడవిలో మొర్రికి కొదువ లేదనుకుంటున్నాం. వాటి కింద మోకాలెత్తు పిల్ల మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే నిజం తెలుస్తుంది.

ఈ మాటలు రాస్తున్నది ఏరుకునేవారిని నిందించడానికి కాదని మనవి చేస్తున్నాను. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కును 1996 నాటి పెసా చట్టం (పంచాయతీరాజ్‌ను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) ఆదివాసులు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతాల గ్రామసభలకు ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయాన్ని సేకరించుకునే, అమ్ముకునే హక్కును అడవిని నమ్ముకున్న కుటుంబాలకు ఇచ్చింది. కేంద్రం 2013-14లో అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే చిరోంజి ఉన్నది. ఇవన్నీ న్యాయమైనవే. అంతకుముందు నుంచీ గోండులలో, కోయలలో కొత్త పంటనుగాని కొత్త పండునుగాని దేవతకు పెట్టకుండా నోట పెట్టుకోని ఆచారం ఉన్నది. మా ఊళ్లో ఆ పూజ జరిగే దాకా పిల్లలమైనా సరే చెట్టు మీద చేయి వేస్తే పెద్దలు కోప్పడేవారు. పండు పక్వానికి రావడానికి ఊరంతా కలిసి పెట్టుకున్న గడువు అది. కొనుగోలుదారు వేసవి మొదట్లోనే తూకం పట్టుకుని ఊళ్లోకి వచ్చి పచ్చికాయకైనా డబ్బు ఇస్తానన్నప్పుడు ఆ గడువు చెదిరిపోయింది. ఆ కొనుగోలుదారు వెనుక ఉన్నది మన నగరమే. మన మిఠాయి దుకాణాలు, మన పెళ్లి వంటలు, మన పండుగలు.

అందుకే ఈ చెట్టు బాధ్యతలో కొంతైనా ఈ నగరం తీసుకోవాలని అడుగుతున్నాను. గ్రామసభలు కోత మొదలుపెట్టే తేదీని పెట్టుకుని దానికి కట్టుబడేలా ప్రోత్సహించడం అటవీ ప్రాంతాల అధికారులు చేయవలసిన పని. దానిమీద నాకన్నా తెలిసినవారు రాయగలరు. నేను అడిగేది ఇక్కడి పని. హైదరాబాద్ చుట్టూ, ఔటర్ రింగ్ రోడ్డు వెంట అటవీ భూముల్లో ఎన్నో నగర వనాలు తయారయ్యాయి. కంచె ఉన్నది, కాపలా ఉన్నది, నడక దారి ఉన్నది, నీటి వసతి కూడా చాలా చోట్ల ఉన్నది. నేల చాలావరకు మొర్రి కోరుకునే ఎర్రమట్టి, మొరం. అక్కడ పండును పండనివ్వకుండా కోసుకుపోయే పోటీ లేదు. ఉప్పల్‌లో కనిపించిన ఆ అక్క చెల్క గట్టుకు ఉన్న రక్షణే ఈ వనాలకూ ఉన్నది. ఇంత అనువైన చోటు ఉండగా, ఒక్క వనంలోనైనా ఒక ఎకరం మొర్రికి, దానితోపాటు తునికికి, పాల చెట్టుకు కేటాయించకపోవడానికి కారణం ఏమిటి?

ఈ ప్రశ్నను నేను ఒక నర్సరీలో అడిగాను. అక్కడివారు మర్యాదగానే జవాబు చెప్పారు. మొర్రి గింజ మొలవదు, మొలిచినా సంచిలోంచి తీసి నాటితే బతకదు, నూరు సంచులు పెడితే పది కూడా లెక్కకు రావు, అంత నష్టానికి మేము జవాబు చెప్పుకోలేం అన్నారు. వారి ఇబ్బంది నిజమైనదే. కాని ఆ ఇబ్బందికి మూలం చెట్టులో లేదు, మనం దానిని పెంచాలనుకుంటున్న పద్ధతిలో ఉన్నది. ఇది నేను చేసి చూసి చెబుతున్న మాట.

మొదటి ఏడు ముప్పై గింజలు తెచ్చి, డబ్బాలో దాచి, మరుసటి జూన్‌లో కుండీల్లో పెట్టాను. ఒక్కటీ మొలవలేదు. మొర్రి గింజకు నిలవ ఉండే శక్తి తక్కువ. పండు రాలిన కొద్ది వారాల్లో నేల చేరితేనే దానికి జీవం. రెండో ఏడు పండు తిన్న వారంలోనే మళ్లీ ముప్పై గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, పెంకు అంచున చిన్న సుత్తితో సన్నటి పగులు మాత్రం వచ్చేటట్టు తట్టి పెట్టాను. లోపలి పప్పుకు దెబ్బ తగలకుండా ఆ పగులు తేవడానికి రెండు మూడు గింజలు పాడుచేసుకోక తప్పలేదు. ఆ ముప్పైలో పదకొండు మొలిచాయి. తొమ్మిదింటిని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టాను, రెండింటిని మాత్రం మా ఇంటి వెనుక గోడ పక్కన నేరుగా నేలలో మొలవనిచ్చాను. మరుసటి వానాకాలం సంచులు ఎత్తబోతే అవి కదలలేదు. జానెడు కూడా లేని మొక్క తల్లివేరును సంచి అడుగు రంధ్రంలోంచి కిందికి దించి, నేలలోకి మూరెడు పోయింది. ఎత్తినప్పుడు ఆ వేరు తెగిన చప్పుడు చేతికి తెలిసింది. తొమ్మిదింటిలో రెండే మిగిలాయి, అవి కూడా కోలుకోవడానికి ఏడాది తీసుకున్నాయి. నేలలో మొలిచిన రెండూ మాత్రం ఏ సాయమూ లేకుండా కిందటి ఎండాకాలం దాటాయి.

ఇది ఒక ఇంటి పెరటిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన చిన్న ప్రయత్నం. దీనిని శాస్త్రమని నేను అనను. అయితే మొర్రి గింజ పెంకు గట్టిదనం, నిలవలో మొలక శక్తి పోవడం, తల్లివేరు లోతుగా దిగడం అడవి మొక్కలు పెంచేవారికి కొత్త విషయాలు కావు. వాటికి తగిన పద్ధతి కూడా ఉన్నది. సంచిలో పెంచి మోసుకుపోయి నాటే బదులు, ఆ ఏటి గింజను ఆ ఏడే, తొలకరి పడిన వారంలో, చెట్టు ఉండవలసిన చోటనే గుంటకు మూడేసి చొప్పున వేయాలి. మొలిచినవాటిలో బలమైనదానిని ఉంచుకోవాలి. మొదటి రెండేళ్లు గడ్డి మీద పడకుండా, మేకలు రాకుండా, నిప్పు అంటకుండా చూస్తే చాలు. తప్పనిసరిగా నర్సరీలోనే పెంచాలనుకుంటే పొడవైన గొట్టం వంటి సంచులు వాడి, వేరు బయటికి రాకముందే నాటాలి. తొందరగా కాపు కావాలనుకునేవారికి అంటు మొక్కల దారి ఉన్నది. గుజరాత్‌లో గోధ్రా దగ్గరి కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం ఈ చెట్టులో మేలైన రకాన్ని ఎంపిక చేసి థార్ ప్రియ అని పేరు పెట్టింది. అక్కడి పొడి నేలల్లో సాధ్యమైన పని మన దక్కను నేలల్లో సాధ్యం కాదని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

మన నగరంలో మొక్కలు నాటే పని ఇప్పటికి చాలా ఏళ్లుగా పెద్ద ఎత్తున సాగుతున్నది. 2015లో హరితహారం మొదలైన నాటి నుంచి పేర్లు మారినా పని ఆగలేదు. అందుకు సంతోషమే. కాని ఆ క్రమంలో త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను రోడ్ల వెంట బారులు తీర్చి నాటాం, తర్వాత అది తగదని తెలిసి మనమే ఆపుకున్నాం. త్వరగా పెరిగేదే మంచిదన్న లెక్క ఎక్కడికి తీసుకుపోతుందో ఆ అనుభవం చెప్పింది. మొర్రి నెమ్మదిగా పెరుగుతుంది. గింజ వేసినవారు మొదటి పండు తినడానికి చాలా ఏళ్లు ఆగాలి. నాకు అరవై నాలుగేళ్లు. నా పెరటి మొక్కలు కాపుకు వచ్చేసరికి నేను ఉంటానో లేదో తెలియదు. అయినా అవి ఉండాలి. మా వీధి పిల్లలు సారపప్పు ప్యాకెట్‌లో పుడుతుందని అనుకుంటున్నారు. వారిలో ఒకరైనా నల్లటి పండును నోట్లో వేసుకుని, గింజను పారేయకుండా దోసిట్లో దాచుకోవాలన్నది నా కోరిక.

కొందరికి వచ్చే సందేహానికి ఇక్కడే సమాధానం చెబుతాను. రోడ్డు మధ్య డివైడర్లకు, కాలిబాటలకు ఇది పనికి వచ్చే చెట్టు కాదు. పండు రాలితే మరకలవుతాయి, వాహనాల మధ్య పిల్లలు ఏరబోతే ప్రమాదం. నేను అడుగుతున్నది నగర వనాల్లో, విశ్వవిద్యాలయాల ఆవరణల్లో, పెద్ద పాఠశాలల వెనుక ఖాళీగా ఉన్న మొరం నేలల్లో చోటు. మా ఇంటికి నడకదూరంలో మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. జింకలు తిరిగే అటువంటి చోట రాలిన పండును ఏరుకునే పని కూడా మనకు ఉండదు, అవే చూసుకుంటాయి.

మీ పత్రికకు నా విన్నపం ఇది. మొక్కల పంపిణీ వార్త వేసిన ప్రతిసారీ ఆ మొక్కల పేర్లు కూడా అడిగి వేయండి. వాటిలో ఈ నేలకు చెందిన అడవి పండ్ల చెట్లు ఎన్ని అని అధికారులను అడగండి. మిఠాయి దుకాణాలవారు, డ్రైఫ్రూట్ వ్యాపారులు సరుకు తీసుకునేటప్పుడు పండిన కాయ గింజకు, పచ్చికాయ గింజకు వేరు వేరు ధర పెట్టగలరా అన్న చర్చకు మీ పేజీల్లో చోటు ఇవ్వండి. నిండు పప్పుకు ఎక్కువ ధర దొరుకుతుందన్న నమ్మకం ఉంటే ఆ ఉప్పల్ అక్క వంటివారు పది రోజులు ఆగడానికి ముందుకు వస్తారు.

నగర వనాల బాధ్యత చూసే అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే మరొక్క మాట. మా ఊరి బంధువులు ఈ ఏడు గట్టు మీది చెట్టు కింద రాలిన పండ్ల గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, ఒక సోలెడు పంపించారు. అవి తొలకరి దాటితే పనికిరావు. ఏ వనంవారు అడిగినా నేనే తీసుకువచ్చి, పెంకు ఎంతవరకు తట్టాలో చూపించి, గుంటల్లో వేసి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్.